పరాయి గడ్డ మీద పాఠం చెప్పిన ఏళ్లు ఏ లెక్కలోకి?

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వైపు జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపట్లోనే ఎచ్చెర్ల వస్తుంది. ఉన్నత చదువుల విషయంలో జిల్లాకు ఇదే పెద్ద దిక్కు. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన ప్రాంగణం 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంగా మారింది. 2016లో మంజూరైన ట్రిపుల్ ఐటీ ఎస్.ఎం.పురం దగ్గర నడుస్తోంది. చుట్టుపక్కల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. భవనాలు లేచాయి, విద్యార్థులు వచ్చారు, శాశ్వత అధ్యాపకులు మాత్రం సరిపడా రాలేదు. చాలా పాఠాలు కాంట్రాక్టు లెక్చరర్లూ గెస్ట్ ఫ్యాకల్టీ భుజాల మీదే సాగుతున్నాయి. ఇదే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకో రకం మాస్టార్లు కూడా ఉన్నారు. ఇథియోపియాలోనో, ఎరిట్రియాలోనో, లిబియాలోనో, మాల్దీవుల్లోనో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి ఇంటికి వచ్చినవాళ్లు. వచ్చాక వీళ్లలో కొందరు కోచింగ్ సెంటర్లలో గంటల లెక్కన చెప్పుకుంటారు, కొందరు ఆర్నెల్లు చూసి మళ్లీ ఏజెంటుకు ఫోన్ చేస్తారు. మాస్టార్లు చాలని కాలేజీ, కాలేజీ దొరకని మాస్టారు ఒకే జిల్లాలో ఉండి కూడా కలుసుకోవడం లేదు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి జీవితానికి మళ్లీ అలవాటు పడలేరని దీనికి మనం ఒక తేలిక సమాధానం చెప్పుకుంటున్నాం. అసలు అడ్డంకి సర్వీసు లెక్కలో, వయసు నిబంధనలో, పిల్లల స్థానికత నిబంధనలో ఉందని, వాటిని సవరించడం రాష్ట్రం చేతిలోనూ విశ్వవిద్యాలయాల చేతిలోనూ ఉన్న పనేనని నా వాదన.

ముందు వీళ్లు ఎవరో, ఎక్కడికి వెళ్లారో చూడాలి. తెలుగువాళ్లు విదేశం అనగానే మనకు డల్లాస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. కానీ చదువు చెప్పడానికి వెళ్లినవాళ్ల దారి ఎక్కువగా ఆఫ్రికా వైపు సాగింది. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇథియోపియా బడుల్లో భారతీయ ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1974 విప్లవం తర్వాత చాలామంది తిరిగి వచ్చేశారు. రెండో విడత 2000 తర్వాత మొదలైంది. 1990ల చివరి దాకా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని విశ్వవిద్యాలయాలున్న ఆ దేశం ఈనాడు 40కి పైగా నడుపుతోంది. కట్టడాలు త్వరగా లేపవచ్చు గానీ పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులను ఐదేళ్లలో తయారు చేయలేరు. ఆ ఖాళీలోకి గోందర్, మెకెల్లే, జిమ్మా, బహిర్ దార్, హరమాయా, హవాసా వంటి చోట్లకు భారతీయులు వెళ్లారు. అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టాలున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఈ రాకపోకలు ఒకవైపువే అనుకోకూడదు. ఇథియోపియా నుంచి పీహెచ్‌డీ కోసం విశాఖ వచ్చి, చదువు ముగించుకుని వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లూ చాలామందే. ఇక బడి పంతుళ్ల సంగతికొస్తే, మాల్దీవుల టీచర్లలో దాదాపు నాలుగో వంతు భారతీయులేనని మన విదేశాంగ శాఖే చెబుతూ వచ్చింది.

ఈ ఉద్యోగాల్లో ఉన్న ముప్పు సంగతి శ్రీకాకుళం జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 జులై చివర్లో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ అధ్యాపకులను సాయుధులు అపహరించారు. కర్ణాటకకు చెందిన ఇద్దరు రెండు మూడు రోజుల్లోనే బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ తెలుగువారు, వారిలో ఒకరు టెక్కలికి చెందినవారు. వారి విడుదల వార్తను అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించేసరికి 2016 సెప్టెంబర్ వచ్చింది. అంటే ఏడాదికి పైగా నిర్బంధం. ఆ తర్వాత 2020 నవంబర్‌లో ఇథియోపియాలో టిగ్రాయ్ యుద్ధం మొదలైంది. మెకెల్లేలో ఉన్నవాళ్లకు ఫోన్లూ ఇంటర్నెట్టూ బ్యాంకులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. 2022 నవంబర్‌లో ప్రిటోరియా ఒప్పందం కుదిరేదాకా అక్కడి చదువులు కుంటుతూనే ఉన్నాయి. ఇంత తెలిసీ ఎందుకు వెళ్తారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడి కాలేజీల జీతాల పట్టీల్లో దొరుకుతుంది. నెలల తరబడి జీతం ఆపే ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ, ఏటేటా పొడిగింపు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు పోస్టు, గంటకు ఇంత అని లెక్కగట్టే గెస్ట్ పని. ఈ మూడింటిలో ఏదో ఒకటి వదిలే చాలామంది విమానం ఎక్కారు. వెళ్లడానికి కారణమైన పరిస్థితి మారకుండా తిరిగి వచ్చినవాళ్లు స్థిరపడలేదని నిట్టూర్చి లాభం లేదు.

విదేశంలో ఉండే మాస్టారి ఏడాదికి ఒక వింత లయ ఉంటుంది. ఇథియోపియాలో కొత్త సంవత్సరం సెప్టెంబర్‌లో వస్తుంది. వాళ్ల పంచాంగం మన వాడుక క్యాలెండర్ కంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. గడియారం తెల్లవారుజాము నుంచి మొదలవుతుంది కాబట్టి వాళ్ల రెండు గంటలంటే మన ఉదయం ఎనిమిది. జులై, ఆగస్టు నెలల్లో ఇంటికొచ్చి, బంధువుల పెళ్లిళ్లూ ఇంటి పన్నుల రసీదులూ పిల్లల ఫీజులూ చక్కబెట్టి, మళ్లీ ఆ పంచాంగంలోకి, ఆ గడియారంలోకి వెళ్లి సర్దుకోవాలి. మొదటి ఏడాది కొత్తదనం లాక్కుపోతుంది. నాలుగో ఏడాదికి సెలవుల తర్వాత తిరిగి వెళ్లడమే బరువవుతుంది. అయినా వెళ్తారు, ఎందుకంటే వెళ్లే దారిలో అడ్డంకులు తక్కువ. రెండేళ్ల కాంట్రాక్టు సిద్ధంగా ఉంటుంది, అక్కడి విభాగాధిపతికి మనిషి తెలుసు, పాత క్లాసు నోట్సు పనికొస్తుంది. ఇంటికి తిరిగి వచ్చే దారిలో మాత్రం ప్రతి మలుపులోనూ ఒక దరఖాస్తు, ప్రతి దరఖాస్తులోనూ ఈ ఏళ్లకు గడి లేకపోవడం. పరాయి దేశంలో మళ్లీ సర్దుకోవడం సొంత జిల్లాలో సర్దుకోవడం కంటే తేలికయిందంటే తప్పు మనిషి స్వభావంలో వెతకనక్కర్లేదు.

ఆ గడి సంగతి వివరంగా చూద్దాం. విశ్వవిద్యాలయ అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో పదో క్లాజు గత సర్వీసు లెక్కింపు గురించి చెబుతుంది. దేశంలో గానీ విదేశంలో గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆపై హోదాల్లో చేసిన రెగ్యులర్ సర్వీసును లెక్కించవచ్చని అందులో స్పష్టంగానే ఉంది. కాబట్టి విదేశీ సర్వీసు చెల్లదని చట్టం ఎక్కడా అనలేదు. చిక్కు తర్వాతి షరతులో ఉంది. కాంట్రాక్టు, తాత్కాలిక సర్వీసును లెక్కించాలంటే మూడు సంగతులు రుజువు కావాలి. ఆనాటికి కావలసిన విద్యార్హతలు ఉండాలి, సక్రమంగా ఏర్పడిన సెలక్షన్ కమిటీ ద్వారా ఎంపికై ఉండాలి, మొత్తం జీతం రెగ్యులర్ అధ్యాపకుడి నెల జీతానికి తగ్గకూడదు. ఇథియోపియాలో విదేశీయులెవరికీ రెగ్యులర్ పోస్టు ఉండదు, అందరిదీ కాంట్రాక్టే. అక్కడి ఎంపిక పద్ధతి మన సెలక్షన్ కమిటీ నమూనాలో ఉండదు. ఇక జీతం. 2024 జులై చివర్లో ఇథియోపియా తన బిర్ర్‌ను మార్కెట్‌కు వదిలేసింది. కొద్ది నెలల్లోనే డాలరు ముందు దాని విలువ సగానికి వచ్చింది. అప్పుడు బిర్ర్‌లలో జీతం తీసుకున్న మాస్టారి సర్వీసు మన రూపాయల లెక్కలో షరతు తప్పుతుంది. బిర్ర్ విలువ పడిపోతే ఆ ఏడాది చెప్పిన థర్మోడైనమిక్స్ విలువ కూడా పడిపోయిందా? నిబంధనను అక్షరాలా చదివే పరిశీలన కమిటీ మాత్రం పడిపోయిందనే అంటుంది. ఈ సందేహాలను తీర్చాల్సింది రాష్ట్ర ఉన్నత విద్యామండలి. ఏ దేశంలో ఏ హోదా మన ఏ హోదాకు సమానమో, ఏ ఎంపిక పద్ధతిని అంగీకరించాలో, జీతం పోలికను ఏ ప్రమాణంతో చూడాలో ఒక్క ఉత్తర్వుతో తేల్చవచ్చు. 2025 ఏప్రిల్‌లో విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. బయట చదివినవాడి కాగితానికి దారి దొరికింది, బయట చదువు చెప్పినవాడి కాగితానికి ఆ శ్రద్ధ దక్కలేదు.

బడి పంతుళ్ల విషయంలో అడ్డం ఇంకా సూటిగా ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు సాధారణ అభ్యర్థుల గరిష్ఠ వయసు 44, రిజర్వుడు వర్గాలకు 49. ముప్పై రెండేళ్లకు మాల్దీవులు వెళ్లి పన్నెండేళ్లకు పైగా లెక్కలు చెప్పి వచ్చిన సాధారణ వర్గం టీచరుకు ఆ పోటీలో కూర్చునే వీలే లేదు. పరీక్ష తప్పడం వేరు, రాయనివ్వకపోవడం వేరు. ఇదే టీచరును ఇంగ్లండ్ ఎలా చూస్తుందో గమనించండి. భారత్‌తో సహా మరికొన్ని దేశాల్లో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు తమ దేశంలో టీచరు అర్హతకు దరఖాస్తు చేసుకోవచ్చని 2023 ఫిబ్రవరి నుంచి అది తలుపు తెరిచింది. మన బీఎడ్‌నూ మన తరగతి గది అనుభవాన్నీ అక్కడివాళ్లు తూకం వేసి చూస్తుంటే, తిరుగు ప్రయాణంలో మన తూకానికి రాయే లేదు. వయసు సడలింపు కోరడం కొత్త గొంతెమ్మ కోరికేమీ కాదు. బర్మా నుంచి 1963 జూన్ తర్వాత, శ్రీలంక నుంచి 1964 నవంబర్ తర్వాత తిరిగి వచ్చిన భారత సంతతివారికి కేంద్ర ఉద్యోగ పరీక్షల్లో మూడేళ్ల వయసు సడలింపు దశాబ్దాల పాటు ఉండేది. రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు అది తెలిసిన సంగతే. వాళ్లది బలవంతపు రాక, వీళ్లది ఇష్టపడి రావడం అన్న తేడా ఉంది, ఒప్పుకోవాలి. కానీ తిరిగి వచ్చినవాడి వయసు మీద రాజ్యం కాస్త దయ చూపవచ్చన్న సూత్రం మాత్రం అప్పుడే స్థిరపడింది.

పిల్లల చదువు దగ్గర ఈ సమస్య ఇంట్లోకి వస్తుంది. రాష్ట్రంలో వృత్తివిద్యా కోర్సుల సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండటం సాధారణ షరతు. ఇంటర్ రెండో ఏడాది నుంచి వెనక్కి లెక్కపెడితే అది తొమ్మిదో తరగతి దగ్గర ఆగుతుంది. తండ్రితోపాటు అడిస్ అబాబాలోనో మాలెలోనో పదో తరగతి చదివిన పిల్ల ఎచ్చెర్ల పక్క ఊరిదే అయినా స్థానికేతరురాలవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉన్నారని చూపి, మిగతా 15 శాతం సీట్లకు పోటీ పడాలి. అందుకే పెద్ద పిల్ల తొమ్మిదిలోకి రాగానే తల్లి పిల్లలతో శ్రీకాకుళం వచ్చేస్తుంది, తండ్రి ఒక్కడే వెనక్కి వెళ్తాడు. దీన్ని కుటుంబ నిర్ణయం అంటున్నాం గానీ ముహూర్తం పెట్టింది ప్రభుత్వ ఉత్తర్వు. స్థానికత నియమం వెనుక ఉన్న న్యాయమైన ఉద్దేశాన్ని నేను కాదనడం లేదు. వెనకబడిన ప్రాంతాల పిల్లల సీట్లు బయటివాళ్లు ఎగరేసుకుపోకూడదనే అది పుట్టింది, శ్రీకాకుళం జిల్లాకు ఆ రక్షణ అవసరం కూడా. కానీ తండ్రీ తల్లీ ఇక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లోనే పదో తరగతి దాటి, కాంట్రాక్టు ఉద్యోగం మీద బయట ఉన్న ఏళ్లలో పిల్ల అక్కడ చదివితే, ఆ పిల్ల వల్ల ఈ జిల్లా పోగొట్టుకునేది ఏమిటి?

తిరిగి వచ్చేవాళ్ల మీద ప్రభుత్వాలకు అసలు ధ్యాసే లేదనలేం. ధ్యాస ఉన్న చోటు వేరు. బయోటెక్నాలజీ శాఖ రామలింగస్వామి పేరుతో విదేశాల నుంచి తిరిగి వచ్చే శాస్త్రవేత్తలకు ఫెలోషిప్పులిస్తుంది. 2017లో మొదలైన వజ్ర పథకం ప్రవాస పరిశోధకులను కొన్ని నెలల పాటు ఇక్కడి ప్రయోగశాలలకు రప్పిస్తుంది. ఇవన్నీ అమెరికా, యూరప్ పరిశోధకులను దృష్టిలో పెట్టుకున్నవి. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని ఒక పోస్టు తెచ్చింది. పరిశ్రమలోనో పాలనలోనో పదిహేనేళ్లు పనిచేసినవారిని డిగ్రీల పట్టింపు లేకుండా తీసుకోవచ్చంది. అయితే అధ్యాపక వృత్తిలో ఉన్నవాళ్లకూ రిటైరైనవాళ్లకూ అది వర్తించదట. పాఠం చెప్పడం తప్ప అన్ని అనుభవాలకూ విశ్వవిద్యాలయంలో చోటు దొరికిందన్నమాట! కేరళ తన ప్రవాసుల వ్యవహారాల శాఖ నోర్కా ద్వారా తిరిగి వచ్చినవాళ్లకు రాయితీ రుణాలిస్తుంది, కానీ అవి వ్యాపారాలు పెట్టుకోవడానికి. మాస్టారికి దుకాణం పెట్టిస్తే అతని చదువు ఎవరికి ఉపయోగం? దీనికంటే మంచి పాఠం ఎచ్చెర్ల మండలంలోనే ఉంది. గుజరాత్‌లోని వెరావల్ పడవల్లో పనికి వెళ్లి 2018 నవంబర్‌లో పాకిస్థాన్ అధికారులకు చిక్కిన మత్స్యకారుల్లో ఈ తీరం వాళ్లున్నారు. 2020 జనవరిలో 20 మంది విడుదలై వచ్చినప్పుడు చర్చ పరిహారం దగ్గర ఆగిపోలేదు. సొంత తీరంలో జెట్టీలుంటే, బుడగట్లపాలెంలో హార్బర్ ఉంటే వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్తారన్న ప్రశ్న దాకా వెళ్లింది. అమలు ఎంత నెమ్మదిగా సాగినా ప్రశ్న సరైనది. మాస్టార్ల విషయంలో ఆ ప్రశ్న వేయడానికి కూడా మనకు నోరు రాలేదు.

అభ్యంతరాలు లేకపోలేదు, కొన్ని గట్టివే. డబ్బు కోసం వెళ్లారు, సంపాదించుకున్నారు, ఇప్పుడు రాయితీ ఎందుకన్నది ఎక్కువగా వినిపించే మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మనం ఈ ప్రశ్న వేయం కాబట్టి దీని మీద ఎక్కువసేపు నిలవను. పైగా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి విదేశంలో పనిచేయడానికి ఐదేళ్ల దాకా జీతం లేని సెలవు పెట్టి, తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చునే ఏర్పాటు మన దగ్గరే ఉంది. అంటే బయట సంపాదించుకోవడం తప్పు కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది, ఆ వెసులుబాటు కుర్చీ ఉన్నవాడికే ఇచ్చింది. కుర్చీ లేకనే వెళ్లినవాడికి ఏమీ ఇవ్వలేదు.

వీళ్లకు సిలబస్ మారిన సంగతి తెలియదు, మన విద్యార్థుల స్థాయి తెలియదు అని ఇంకో మాట. సిలబస్ మారింది నిజమే. 2023 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ వచ్చింది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఇక్కడివాళ్లకే సమయం పట్టింది. ఒక సెమిస్టర్ చాలు. విద్యార్థుల స్థాయి సంగతే నాకు వీళ్ల పక్షాన అన్నిటికంటే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారింది. సీతంపేట కొండల నుంచో, పలాస జీడితోటల నుంచో, భావనపాడు తీరం నుంచో వచ్చే విద్యార్థి చాలాసార్లు ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లిష్ పుస్తకం ముందు కూర్చుంటాడు. ఇథియోపియాలో మాస్టారు చెప్పింది సరిగ్గా ఇలాంటి తరగతికే. చిన్న తరగతులు అమ్హారిక్‌లోనో ఒరోమోలోనో టిగ్రిన్యాలోనో చదివి, విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి అన్నీ ఇంగ్లిష్‌లో వినాల్సిన పిల్లలు. మాస్టారికి వాళ్ల భాష రాదు, వాళ్లకు మాస్టారి ఉచ్చారణ తెలియదు. సరంజామా సగమే ఉన్న ల్యాబ్, చాలీచాలని పుస్తకాలు, కరెంటు పోయే మధ్యాహ్నాలు. చిన్న వాక్యాల్లో, బొమ్మ గీసి, ఒక్కో మెట్టూ బోర్డు మీద పెట్టి చెప్పకపోతే ఆ క్లాసు కదలదు. అలా ఏళ్ల పాటు చెప్పినవాడికి ఎచ్చెర్లలో మొదటి సెమిస్టర్ విద్యార్థి ఎక్కడ తడబడతాడో ఊహించడం కష్టం కాదు. పైగా ఇక్కడ అతని చేతిలో అదనంగా తెలుగు కూడా ఉంది. బోస్టన్‌లో పరిశోధన చేసి వచ్చినవారి విలువ వేరు, దాన్ని తక్కువ చేయను. కానీ మొదటి తరం విద్యార్థికి పాఠం చేరవేసే పనిలో గోందర్ అనుభవమే దగ్గరి చుట్టం.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇక్కడే ఉండిపోయినవాళ్లది. తక్కువ జీతానికి, పొడిగింపు ఉత్తర్వుల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తూ ఈ ప్రాంగణాలను నడిపింది మేము, ఇప్పుడు బయట డాలర్లు చూసి వచ్చినవాళ్లను మా ముందు వరసలో నిలబెడతారా అని కాంట్రాక్టు లెక్చరర్ అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, అది కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాక వాళ్ల ఓపిక ఎంత మిగిలి ఉంటుందో ఊహించవచ్చు. కాబట్టి నేను కోరేది ప్రాధాన్యం కాదు, లెక్కింపు మాత్రమే. రోస్టర్ చెక్కుచెదరకూడదు, నెట్ లేదా సెట్ లేదా నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ అన్న కనీస అర్హత ఒక్క మెట్టు కూడా దిగకూడదు, ఇంటర్వ్యూలో కేటాయింపులుండకూడదు. ఇంకో సంగతి కూడా చూడాలి. పైన చెప్పిన పదో క్లాజులోని జీతం షరతు గోందర్ మాస్టారిని ఎలా బయటపెడుతోందో ఎచ్చెర్ల గెస్ట్ లెక్చరర్‌నూ అలాగే బయటపెడుతోంది. రెగ్యులర్ జీతంలో సగం కూడా ఇవ్వకుండా పనిచేయించుకుని, జీతం తక్కువ కాబట్టి నీ సర్వీసు లెక్కలోకి రాదనడం ఎక్కడి న్యాయం? తక్కువ ఇచ్చింది ఎవరు? ఈ క్లాజును తరగతి గదిలో చెప్పిన గంటలు, చెప్పిన కోర్సులు, అర్హతల ఆధారంగా చదివితే ఇద్దరికీ మేలు. ఇద్దరూ ఒకే మనిషి కావడానికి కూడా అవకాశముంది. నిన్న గెస్ట్‌గా ఉన్నవాడే ఈ రోజు ఇథియోపియాలో ఉన్నాడు, ఈ రోజు గెస్ట్‌గా ఉన్నవాడు రేపు ఏజెంటును కలుస్తాడు.

ఇక నకిలీల భయం. విదేశీ అనుభవ పత్రం ఎవరైనా ముద్రించి తేవచ్చు, ఏ కాలేజీయో ఏ హోదాయో ఎవరు తేలుస్తారని అధికారులంటారు. ఈ భయం కల్పితమేమీ కాదు, దేశంలోనే దొంగ అనుభవ పత్రాలు ఎన్ని తిరుగుతున్నాయో నియామక కమిటీల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. అనుమానం ఉందని అందరినీ పక్కన పెట్టడం కంటే పరిశీలించడం ఖర్చు తక్కువ పని. పాస్‌పోర్టు మీద వర్క్ పర్మిట్, బ్యాంకు ఖాతాలో జీతం జమలు, అడిస్ అబాబాలోని భారత రాయబార కార్యాలయం ముద్ర అన్నీ చూడవచ్చు. అభ్యర్థి చేత విద్యార్థుల ముందే గంట సేపు పాఠం చెప్పిస్తే మిగతా సందేహాలు తీరతాయి. ఏ పత్రానికైనా తేలికైన సాక్షులు మనకు ఇంకా దగ్గర్లో ఉన్నారు. విశాఖలో పీహెచ్‌డీ చేసి వెళ్లిన ఇథియోపియన్లు అక్కడి విభాగాల్లోనే పనిచేస్తున్నారు. వాళ్ల పేర్లు, చిరునామాలు, థీసిస్‌లు ఆంధ్ర విశ్వవిద్యాలయం రికార్డుల్లో ఉన్నాయి. ఎచ్చెర్ల రిజిస్ట్రార్ కార్యాలయం విశాఖకు ఒక ఉత్తరం రాసి ఆ జాబితా తెప్పించుకుంటే, ఫలానా మాస్టారు మీ దగ్గర ఏ కోర్సు ఎన్ని సెమిస్టర్లు చెప్పారని ఈ-మెయిల్‌లో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.